ప్లస్ పవర్‌కి కార్నియా ఆపరేషన్: ఉబ్బించిన తర్వాత మొదలయ్యే తలనొప్పులు

మైనస్ పవర్ ఉన్నవాళ్ళు లాసిక్ చేయించుకుని నాలుగు రోజుల్లో కళ్ళజోడు సొరుగులో పడేయడం ఇప్పుడు మామూలైపోయింది, పెళ్ళిచూపుల ముందు చేయించుకున్నవాళ్ళో, అమెరికా వెళ్ళేముందు చేయించుకున్నవాళ్ళో చుట్టాల్లో ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. అదే ప్లస్ పవర్ ఉన్న మనిషి వెళ్ళి నాకూ చెయ్యండి అంటే డాక్టర్ వెంటనే సరే అనడు. పవర్ ఎంత, వయసెంత, కార్నియా వంపు ఎంత అని పది రకాల టెస్టులు చేయించి, చివరికి మీకు అద్దాలే బెటర్ అండీ అని పంపించేసే సందర్భాలు చాలా ఉంటాయి. బయటికొచ్చాక పేషెంట్‌కి కోపం వస్తుంది, పక్కింటబ్బాయికి అరగంటలో చేసేశారు కదా నాకెందుకు చెయ్యరు అని. కానీ ప్లస్ పవర్‌ని తగ్గిద్దామని కార్నియా మీద చేసిన ఆపరేషన్ల చరిత్ర తెలిస్తే ఆ డాక్టర్ ఎందుకు వెనకాడుతున్నాడో అర్థమవుతుంది. వాటిలో ఒకటైతే, ఏ జబ్బు వస్తే కార్నియా మార్పిడి దాకా వెళ్ళాల్సి వస్తుందో అదే జబ్బుని చేతులారా తెచ్చిపెట్టింది.

ముందు లెక్క చూద్దాం. కంటి మొత్తం పవర్ దాదాపు 60 డయాప్టర్లు (అద్దాల చీటీలో రాసే పవర్ కూడా ఈ కొలతలోనే), అందులో 43 దాకా కార్నియాదే, అంటే నల్లగుడ్డు మీద పారదర్శకంగా ఉండే ఆ ముందు పొరదే. పెద్దవాళ్ళ కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 23, 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ పొడవు ఒక్క మిల్లీమీటర్ తగ్గితే చాలు, దాదాపు 3 డయాప్టర్ల ప్లస్ వచ్చేస్తుంది. దీర్ఘదృష్టి అంటే ఎక్కువమందిలో ఇంతే, కన్ను పొట్టిగా ఉంది కాబట్టి వెలుతురు కంటి వెనక తెర అయిన రెటీనా మీద కలవకుండా దాని వెనక కలుస్తోంది. నలభై దాటాక అందరికీ వచ్చే చత్వారం వేరు, అది లోపలి లెన్స్ గట్టిపడడం వల్ల వచ్చేది, దానికీ ప్లస్ అద్దాలే ఇస్తారు కాబట్టి జనం రెండూ ఒకటే అనుకుంటారు.

మైనస్ తగ్గించాలంటే కార్నియా మధ్యలో కొంచెం తీసేసి చదును చేస్తే పని అయిపోతుంది. ప్లస్ తగ్గించాలంటే మాత్రం మధ్యభాగం ఇప్పుడున్నదానికంటే ఎత్తుగా, ఇంకా వంపుగా రావాలి. లేజర్‌కి తీసేయడం వచ్చు, పెట్టడం రాదు. అందుకని గత నలభై యాభై ఏళ్ళలో సర్జన్లు ఎక్కువగా మూడు దారులు పట్టారు, ఒకటి చుట్టూరా వేడి పెట్టి కార్నియాని కుదించి మధ్యభాగం పైకి లేచేలా చెయ్యడం, రెండు మధ్యభాగాన్ని ముట్టుకోకుండా చుట్టూ గాడి తీసి మధ్యలో గుట్టలాగా మిగల్చడం, మూడు కార్నియాని కత్తితో బలహీనం చేసి కంటి లోపలి ప్రెషర్ దాన్ని ముందుకి నెట్టేలా చూడడం. మూడో దారి వినగానే ఎవరికైనా అనుమానం రావాలి. కానీ అప్పట్లో పెద్ద పెద్ద సర్జన్లు కూడా దాన్నే నమ్మారు, కాన్ఫరెన్సుల్లో నేర్పించారు, వేలాది మంది కాకపోయినా చాలామంది కళ్ళ మీద చేశారు.

అనుమానం ఎందుకు రావాలో చెప్పాలంటే కార్నియా లోపల ఏముందో కొంచెం చూడాలి. మధ్యలో దాని మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటర్ కంటే ఒక పిసరు ఎక్కువ. పైన 50 మైక్రాన్ల ఎపిథీలియం, అది ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తుంటుంది. దాని కింద అసలు సరుకు స్ట్రోమా, కొల్లాజెన్ పోగులతో చేసిన 200కి పైగా పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఈ పొరలన్నీ ఒకే బలంతో ఉండవు. ముందువైపు పొరలు ఒకదాంట్లోకి ఒకటి అల్లుకుని గట్టిగా ఉంటాయి, వెనకవైపు వెళ్ళేకొద్దీ అల్లిక వదులైపోతుంది. కార్నియా బలంలో ఎక్కువ భాగం ముందు 40 శాతం మందంలోనే ఉంటుంది. వెనక నుంచి కంటి ప్రెషర్, మామూలు మనిషికి 10 నుంచి 21 మిల్లీమీటర్ల మెర్క్యురీ మధ్యలో, పగలూ రాత్రీ దీన్ని నెడుతూనే ఉంటుంది. ముందు పొరలు గట్టిగా పట్టుకున్నంతకాలం షేపు మారదు, పట్టు వదిలితే కార్నియా పల్చబడి కోన్‌లాగా ముందుకి పొడుచుకొస్తుంది. పుట్టుకతో ఆ బలహీనత ఉండి యుక్తవయసులో అలా ఉబ్బితే దాన్ని కెరటోకోనస్ అంటారు, ఆపరేషన్ తర్వాత ఉబ్బితే ఎక్టేసియా అంటారు. పేరు ఏదైనా పేషెంట్ పడే బాధ ఒకటే, అక్షరాలు రెండు మూడుగా కనిపిస్తాయి, దీపాల చుట్టూ తోకలు వస్తాయి, కళ్ళజోడు ఎన్నిసార్లు మార్చినా చూపు కుదరదు.

వేడి దారి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 1898లోనే నెదర్లాండ్స్‌లో లాన్స్ అనే ఆయన కుందేళ్ళ కార్నియా మీద వాత పెడితే వంపు మారుతుందని చూపించాడు. 1980ల్లో మాస్కోలో ఫ్యోదరోవ్, మైనస్ పవర్‌కి కోతల ఆపరేషన్‌ని ప్రపంచమంతా పాకించిన ఆయనే, ప్లస్ పవర్ కోసం ఎర్రగా కాల్చిన సన్నటి సూదిని కార్నియాలో 90 శాతం లోతు దాటి దింపి చుట్టూ చుక్కలు పెట్టేవాడు. మొదటి నెలల్లో చూపు భలే ఉండేది, ఆ తర్వాత కొల్లాజెన్ మళ్ళీ పాత దారికి వచ్చేసేది, చుక్కలు సమానంగా పడకపోతే ఉన్న ప్లస్‌కి తోడు సిలిండర్, అంటే ఒక్కో దిక్కున ఒక్కో పవర్, కూడా వచ్చి కూర్చునేది. తర్వాత సూది బదులు హోల్మియం లేజర్ వచ్చింది, దానికి 2000లో అమెరికాలో వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ పర్మిషన్ ఇచ్చింది, కానీ తాత్కాలికంగా తగ్గించడానికి అని స్పష్టంగా రాసి మరీ ఇచ్చింది, ఆ మిషన్ తయారుచేసిన కంపెనీ రెండేళ్ళకే దివాలా తీసింది. 2002లో రేడియో తరంగాలతో చేసే కండక్టివ్ కెరటోప్లాస్టీ వచ్చింది, అదీ సుమారు +3 లోపు వాళ్ళకి, నలభై దాటినవాళ్ళకి, అదీ తాత్కాలికమే. వేడి పద్ధతుల్లో కన్ను పూర్తిగా పాడైన సందర్భాలు తక్కువే, డబ్బూ ఆశా పోవడమే ఎక్కువ.

కత్తి దారి అలా కాదు. 1980ల్లో మెక్సికోకి చెందిన మెండెజ్ ద్వారా హెక్సాగనల్ కెరటోటమీ అనేది ప్రచారంలోకి వచ్చింది. కార్నియా మధ్యభాగం చుట్టూ ఆరు కోతలు, ఒకదానికొకటి కలిసేలా, పూర్తి షడ్భుజిలాగా కొయ్యాలి. కోతలు దాదాపు కార్నియా మందమంతా వెళ్తాయి కాబట్టి మధ్యలో ముక్క చుట్టూ ఉన్నదానితో సంబంధం తెగిపోయి ప్రెషర్‌కి ముందుకి లేస్తుంది, ప్లస్ తగ్గుతుంది. కాగితం మీద చూస్తే భలే ఐడియా. కానీ కోతలు ఒకదాన్నొకటి దాటే చోట గాయం సరిగ్గా అతుక్కోదు, ఆ మూలలు నెలల తరబడి నోరు తెరుచుకుని ఉంటాయి, లోపలికి ఎపిథీలియం దూరుతుంది, మధ్య ముక్క ఒక పక్కకి వాలిపోతుంది. ఫలితం కళ్ళజోడుతో దిద్దలేని వంకర సిలిండర్, గ్లేర్, కొందరికి కార్నియా మార్పిడి. తర్వాత కోతలు కలవకుండా దూరంగా పెట్టి చేసి చూశారు, అయినా నిలకడ రాలేదు. 1990ల మధ్యకి వచ్చేసరికి మెడికల్ జర్నల్స్‌లో దీని దుష్ఫలితాల మీద పేపర్లు రావడం, పద్ధతి మూలపడడం జరిగిపోయాయి.

అసలు కథ దాని తర్వాతది. దానికి మూలం కొలంబియాలోని బొగొటా నగరం. స్పెయిన్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన హోసే బరాకేర్, కార్నియా షేపు మార్చి పవర్ దిద్దొచ్చు అన్న ఆలోచనని 1949 నుంచే చెప్తూ వచ్చాడు, లాసిక్‌తో సహా ఇవాళ్టి పద్ధతుల్లో చాలావాటికి తాతలాంటివాడు. ఆయన కార్నియా ముందు పొరని చిప్పలాగా కోసి తీసి, గడ్డకట్టించి, మరమీద చెక్కి మళ్ళీ కుట్టేవాడు, అది అందరి చేతా అయ్యే పని కాదు. అదే ఊళ్ళో లూయిస్ రూయిజ్ 1980ల్లో మోటార్‌తో తనంతట తానే కదిలే మైక్రోకెరటోమ్, అంటే కార్నియా పొరని కోసే పరికరం, తయారుచేశాడు. దాంతో పొరని కొయ్యడం తేలికైపోయింది, ఆటోమేటెడ్ లామెల్లార్ కెరటోప్లాస్టీ అన్న పేరుతో 1990ల మొదట్లో అమెరికాలో ఒక ఊపు ఊపింది. మైనస్‌కి రెండు కోతలు, మొదటిది మూత, రెండోది కింద నుంచి తీసేసే పలుచటి బిళ్ళ. ప్లస్‌కి ఒకే ఒక్క కోత. మూత లేపడం, మళ్ళీ వేసెయ్యడం, అంతే. ఏమీ తియ్యరు. లేజర్ లేదు, కుట్లు లేవు, పది నిమిషాల్లో పేషెంట్ లేచి వెళ్ళిపోతాడు, మర్నాటికి ప్లస్ తగ్గిపోయి ఉంటుంది.

ఏమీ తియ్యకుండా ప్లస్ ఎలా తగ్గింది అంటే, ఆ ఒక్క కోత మామూలు లోతులో ఉండదు. కార్నియా మందంలో సుమారు 70 శాతం దాకా వెళ్తుంది. 540 మైక్రాన్ల కార్నియాలో అది 378 మైక్రాన్లు, అంటే కింద మిగిలింది 160 చిల్లర. మూత మళ్ళీ వేసినా అది పైన కప్పి ఉంటుంది తప్ప బరువు మొయ్యదు, తెగిన కొల్లాజెన్ పోగులు మళ్ళీ పాతలాగా అల్లుకోవు. లాసిక్ వచ్చాక కింద కనీసం 250 మైక్రాన్లు మిగలాలి అన్న లెక్క పెట్టుకున్నారు, చాలామంది ఇప్పుడు 300 ఉంటేనే నిద్రపడుతుంది అంటారు. ఇక్కడ 160తో వదిలేశారు, అదీ వెనకవైపు ఉండే వదులు అల్లిక పొరలు. సైకిల్ టైరు పైన కోసుకుపోతే లోపలి ట్యూబ్ ఆ చోట ఎలా బుడిపెలాగా బయటికొస్తుందో ఇదీ అంతే, అలా బయటికి రావాలన్నదే ఇక్కడ ప్లాన్. దానికి పెట్టుకున్న పేరు కంట్రోల్డ్ ఎక్టేసియా. కోత వెడల్పు ఎంత ఉంటే ఎంత ప్లస్ తగ్గుతుందో టేబుల్స్ వేసి మరీ అమ్మారు.

కంట్రోల్ అన్నదాన్ని ఎవరు చేస్తున్నారు అనేది అడగాల్సిన ప్రశ్న. కోసింది సర్జనే, కానీ ఉబ్బడం ఎక్కడ ఆగాలో నిర్ణయించేది ఆ మిగిలిన 160 మైక్రాన్లు, కంటి ప్రెషరూ కలిసి. అది ఒక మనిషికి ఆరు నెలల్లో ఆగిపోవచ్చు, ఇంకో మనిషికి మూడేళ్ళ తర్వాత కూడా కదులుతూనే ఉండొచ్చు. సర్జన్లు చూపించిన ఫలితాలన్నీ ఆర్నెల్లవి, సంవత్సరంవి, ఆ గడువులో నిజంగానే బాగున్నాయి, అబద్ధం ఆడారని చెప్పడానికి లేదు. నిదానంగా సాగే చెడుని పట్టుకోవడానికి సంవత్సరం చాలదు, ఆ సంగతి అప్పటికే తెలిసి ఉండాల్సింది. ఎందుకంటే కెరటోకోనస్ ఎలా ముదురుతుందో కంటి డాక్టర్లకి కొత్త కాదు, ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతుందని కాలేజీలోనే చదువుకుని ఉంటారు. బలంగా ఉన్న కార్నియాని ఆ స్థితిలోకి నెట్టి, ఇది మాత్రం చెప్పినచోట ఆగుతుంది అనుకోవడానికి ఆధారం ఏముందో ఇవాళ చదివితే అర్థం కాదు.

తర్వాత జరిగింది ఊహించేదే. ప్లస్ సున్నా అయింది, సున్నా దాటి మైనస్ మొదలైంది, +3తో వెళ్ళిన మనిషి కొన్నేళ్ళకి మైనస్‌లో తేలాడు, దానికి తోడు వంకర సిలిండర్. 1990ల చివరికే ఈ ఎక్టేసియా కేసుల గురించి జర్నల్స్‌లో రాశారు, సిఫార్సు చెయ్యలేం అని తేల్చారు, లాసిక్‌లో చెక్కడానికి వాడే ఎక్సైమర్ లేజర్ కూడా ప్లస్‌కి సిద్ధమైపోవడంతో పద్ధతి పోయింది. పద్ధతి పోయింది గానీ చేయించుకున్నవాళ్ళు పోలేదు కదా, నలభైల్లో చేయించుకున్నవాళ్ళు ఇప్పుడు డెబ్భైల్లో ఉన్నారు, శుక్లాలు వచ్చే వయసులో ఆ కార్నియాతో డాక్టర్ దగ్గరికి వస్తున్నారు. ఆ సంగతికి మళ్ళీ వద్దాం.

ఇక్కడ ఇంకో గుంపు గురించి చెప్పకపోతే సగం వదిలేసినట్టు. వీళ్ళు పుట్టుకతో ప్లస్ వాళ్ళు కాదు, మైనస్ తీయించుకోబోయి ప్లస్ తెచ్చుకున్నవాళ్ళు. 1980ల్లో రేడియల్ కెరటోటమీ అని చక్రం ఆకుల్లాగా కార్నియా మీద ఎనిమిదో పదహారో కోతలు పెట్టి మైనస్ తగ్గించేవాళ్ళు, మన దేశంలో కూడా చేయించుకున్నవాళ్ళు ఉన్నారు. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ డబ్బుతో జరిగిన పెర్క్ స్టడీ పదేళ్ళ ఫలితాలు 1994లో వచ్చాయి, అందులో 43 శాతం కళ్ళు 1 డయాప్టర్ లేదా అంతకంటే ఎక్కువ ప్లస్ వైపు జరిగిపోయాయి. ఎనభైల్లో యవ్వనంలో చేయించుకున్న వాళ్ళకి నలభై దాటగానే దూరమూ దగ్గరా రెండూ పోయాయన్నమాట. ఈ కార్నియాలకి ఇంకో వింత గుణం కూడా ఉంది, ఆక్సిజన్ తగ్గితే కోతల దగ్గర ఉబ్బి మధ్యభాగం చదునైపోతుంది, ప్లస్ ఇంకా పెరుగుతుంది. 1996 మే నెలలో ఎవరెస్ట్ మీద తుఫానులో చిక్కుకుని బతికి బయటపడ్డ అమెరికన్ డాక్టర్ బెక్ వెదర్స్‌కి శిఖరం దగ్గరికి వెళ్తుండగా చూపు మసకబారిపోవడానికి కారణం ఇదే, ఆయన అంతకుముందు ఈ ఆపరేషన్ చేయించుకుని ఉన్నాడు.

ఇలా వచ్చిన ప్లస్‌ని పోగొట్టడానికి మళ్ళీ ఆపరేషన్లు మొదలయ్యాయి. కోతల చుట్టూ తాడు బిగించినట్టు గుండ్రంగా కుట్టు వేసి లాగడం ఒకటి, కుట్టు వదులైతే ప్లస్ తిరిగొచ్చేది. ఆ తర్వాత ఆ కార్నియా మీదే లాసిక్. పాత కోతలు పూర్తిగా అతకలేదు కాబట్టి ఫ్లాప్, అంటే లేజర్ వెయ్యడానికి లేపే పై మూత, లేపేటప్పుడు కోతల వెంట విడిపోయి ముక్కలు ముక్కలుగా చేతికొచ్చిన సందర్భాలు ఉన్నాయి. ముక్కల్ని అమర్చి అతికించినా సందుల్లోంచి ఎపిథీలియం లోపలికి పాకుతుంది. ఒకసారి కోసిన కార్నియాని ఇంకోసారి కోసి దిద్దొచ్చు అనే ధైర్యం మాత్రం చాలాకాలం పోలేదు.

ఇక ఇప్పుడు నడుస్తున్న పద్ధతి, ప్లస్ లాసిక్, దాని తమ్ముడు పీఆర్‌కే, అంటే ఫ్లాప్ లేపకుండా పైనున్న ఎపిథీలియం తీసి లేజర్ వేసేది. ప్లస్‌కి పీఆర్‌కేకి అమెరికాలో 1998లో పర్మిషన్ వచ్చింది, లాసిక్ ఆ వెంటనే వచ్చింది. లేజర్ మధ్యభాగాన్ని వదిలేసి చుట్టూ రింగులాగా చెక్కుతుంది, మధ్యలో మిగిలిన భాగం వంపు పెరుగుతుంది. కార్నియా అంచుల్లో మందం ఎక్కువ కాబట్టి అక్కడ తియ్యడం వల్ల బలం అంతగా పోదు, అందుకే మైనస్ లాసిక్‌తో పోలిస్తే ప్లస్ లాసిక్‌లో ఎక్టేసియా తక్కువ. ఆ క్రెడిట్ ఇవ్వాలి. కత్తి దారితో దీన్ని ఒక గాటన కట్టేయడం తప్పు.

కానీ తక్కువ అంటే లేదని కాదు. ముందే లోపల కెరటోకోనస్ మొదలై ఉండి పట్టుకోలేకపోయినవాళ్ళు, పాత మైక్రోకెరటోమ్‌తో ఫ్లాప్ అనుకున్నదానికంటే మందంగా వచ్చినవాళ్ళు, పవర్ తిరిగొచ్చిందని రెండోసారి మూడోసారి చేయించుకున్నవాళ్ళలో ప్లస్ లాసిక్ తర్వాత కూడా ఎక్టేసియా వచ్చిన కేసులు రికార్డయ్యాయి. దీంట్లో ఒక మెలిక ఉంది, మైనస్ లాసిక్ అయిన కార్నియా మ్యాప్‌లో (వంపుని రంగుల్లో చూపించే స్కాన్) మధ్యభాగం చల్లటి నీలం రంగులో చదునుగా ఉంటుంది, అందులో ఒకచోట ఎర్రగా ఉబ్బు కనపడితే వెంటనే తెలిసిపోతుంది. ప్లస్ లాసిక్ అయిన కార్నియా మ్యాప్‌లో మధ్యభాగం ఎలాగూ ఎర్రగానే ఉంటుంది, ఎత్తు చెయ్యడమే పని కాబట్టి. ఆ ఎరుపులో జబ్బు ఎరుపు కలిసిపోతే ఒక్క మ్యాప్ చూసి చెప్పడం కష్టం, ఆర్నెల్లకొకటి తీసిన మ్యాపుల్ని పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా కనపడుతుంది. ఆపరేషన్ బాగైంది కదా అని చెకప్‌కి వెళ్ళడం మానేసినవాళ్ళకి ఆ పాత మ్యాపులే ఉండవు.

ప్లస్ లాసిక్‌లో ఎక్కువగా చూసే చిక్కులు వేరే ఉన్నాయి. సహజంగా 43 డయాప్టర్లున్న కార్నియా మీద +5 దిద్దితే 48 దగ్గరికి వెళ్తుంది. 48, 50 దాటిన కార్నియా శిఖరం మీద కన్నీటి పొర నిలవదు, రెప్ప వేసిన ప్రతిసారీ అక్కడే ఒరుసుకుంటుంది, ఎపిథీలియం అక్కడ ముందే పలుచబడి ఉంటుంది. ఎందుకంటే ఎపిథీలియం ఎప్పుడూ గుంటల్ని పూడ్చి గుట్టల్ని తగ్గించే పనిలోనే ఉంటుంది, లేజర్ గాడి తీసిన చోట మందంగా పెరుగుతుంది, మధ్య గుట్ట మీద పలుచబడుతుంది. దాంతో రెండు నష్టాలు. గాడి పూడుకుపోయి దిద్దిన ప్లస్ కొంత తిరిగొస్తుంది, గుట్ట మీద పొర మాటిమాటికీ పుండుపడి కొందరికి నడి మధ్యలో మచ్చ మిగులుతుంది. చూపు సరిగ్గా వెళ్ళే దారిలో చిన్న మచ్చ పడినా చూపు దెబ్బతింటుంది. ఫ్లాప్ కోసేటప్పుడు కార్నియా నరాలు కూడా తెగుతాయి, ప్లస్ కోసం వచ్చేవాళ్ళలో నలభై యాభై ఏళ్ళ ఆడవాళ్ళు చాలామంది ఉంటారు, ఆ వయసులో కన్నీళ్ళు ఎలాగూ తగ్గుతూ ఉంటాయి, రెండూ కలిస్తే గరగర, మంట ఏళ్ళ తరబడి పట్టుకుంటాయి. పవర్ తిరిగొచ్చింది కదా ఇంకోసారి చేస్తే పోతుంది అని మళ్ళీ లేజర్ వేయించుకోవడం అన్నిటికంటే ప్రమాదం, దిగజారడం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. కొన్ని మిషన్లకి +6 దాకా పర్మిషన్ ఉన్నా చాలామంది సర్జన్లు +4 దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదంతా.

ఇంకొకటి రింగు వెడల్పు. ప్లస్‌కి లేజర్ 9 మిల్లీమీటర్ల దాకా విస్తరించి చెక్కాలి, అంటే ఫ్లాప్ ఇంకా పెద్దది కావాలి, ప్లస్ కళ్ళలో కార్నియా చిన్నదిగా, చదునుగా ఉండడం సర్వసాధారణం. చదును కార్నియా మీద పాత మైక్రోకెరటోమ్ నడిపితే ఫ్లాప్ ఒక పక్కన అతుక్కుని ఉండకుండా పూర్తిగా ఊడొచ్చేసే ప్రమాదం ఉండేది, కత్తి బదులు ఫ్లాప్ కోసే ఫెమ్టోసెకండ్ లేజర్ వచ్చాక అది బాగా తగ్గింది. లేజర్ ఫ్లాప్ అంచుదాకా వెళ్తుంది కాబట్టి అంచు సరిగ్గా కూర్చోక కిందికి ఎపిథీలియం కణాలు పాకడం ప్లస్ లాసిక్‌లో ఎక్కువ. అంచులోనే ఆగితే చూస్తూ ఊరుకోవచ్చు, లోపలికి పాకి పెరిగితే పైన ఫ్లాప్ కరిగిపోవడం మొదలవుతుంది, అప్పుడు లేపి గీకి శుభ్రం చెయ్యాలి, కొన్నిసార్లు కుట్లు కూడా వెయ్యాలి. మధ్యబిందువు సంగతి కూడా ఉంది, ప్లస్ కళ్ళలో మనిషి చూసే గీత కనుపాప మధ్య నుంచి కాకుండా ముక్కువైపు కొంచెం జరిగి ఉంటుంది, సర్జన్ కనుపాప మధ్యలో గురిపెట్టి గుట్ట లేపితే గుట్ట ఒకచోట, చూపు ఒకచోట అవుతుంది.

ఒకసారి కార్నియా వంకర పోయాక చేసే వైద్యం అంతా మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదట గట్టి కాంటాక్ట్ లెన్స్, దాని కింద కన్నీళ్ళు నిండి వంకరని సమం చేస్తాయి. మామూలు గట్టి లెన్స్ అలాంటి గుట్ట మీద నిలబడదు, జారిపోతుంది, అందుకే తెల్లగుడ్డు మీద ఆనుకుని కార్నియాని తాకకుండా వంతెనలాగా ఉండే స్క్లెరల్ లెన్సులు వచ్చాక చాలామందికి మార్పిడి ఆపరేషన్ తప్పింది. హైదరాబాద్‌లో 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇలాంటి లెన్సులు ప్రత్యేకంగా అమరుస్తారు. ఖరీదు ఎక్కువే, రోజూ సెలైన్ పోసి పెట్టుకోవడం, తియ్యడం ఒక పని, అయినా కత్తి కంటే మేలు.

ఎక్టేసియా ముదురుతోంది అని తేలితే క్రాస్‌లింకింగ్. జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టిన పద్ధతి ఇది, 2003లో మొదటి పేషెంట్ల ఫలితాలు బయటికొచ్చాయి. రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి అరగంట పడనిస్తే కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి కార్నియా గట్టిపడుతుంది. అమెరికాలో 2016లో దీనికి పర్మిషన్ వచ్చింది, అక్కడికంటే ముందే మన దగ్గర చేస్తున్నారు. కానీ ఇది ఉబ్బడాన్ని ఆపుతుందే గానీ వెనక్కి తీసుకెళ్ళదు, కొద్దిగా చదునవడం తప్ప. పైగా కార్నియా కనీసం 400 మైక్రాన్లు ఉండాలి, లేకపోతే కాంతి లోపలి కణాల్ని దెబ్బతీస్తుంది. లోతైన కోత పడ్డ ఆ పాత కార్నియాల్లో మొత్తం మందం సరిపోయినా, కాంతి ఎక్కువగా గట్టిపరిచేది ముందు భాగాన్ని, అక్కడున్నది బరువు మొయ్యని మూత, మోస్తున్నది వెనక పొర. లెక్క అక్కడ కుదరదు.

అన్నీ అయ్యాక చివరిది మార్పిడి, వీలైతే ముందు పొరలు మాత్రమే మార్చి లోపలి పొర ఉంచే పద్ధతి, లేకపోతే మొత్తం మందం. ఫలితాలు మంచివే, కానీ కుట్లు తియ్యడానికి ఏడాది పైన పడుతుంది, రిజెక్షన్ భయంతో స్టెరాయిడ్ చుక్కలు వెయ్యాలి, వాటితో ప్రెషర్ పెరగొచ్చు, పొట్టి కన్నులో లోపలి గది, అంటే కార్నియా వెనక ద్రవం ఉండే చోటు, ఇరుకు కాబట్టి గ్లకోమా (ప్రెషర్‌తో కంటి నరం దెబ్బతినే జబ్బు) ప్రమాదం ముందునుంచే ఉంటుంది. కళ్ళజోడు వద్దనుకుని మొదలైన ప్రయాణం దాత కన్ను కోసం ఐ బ్యాంక్ లిస్టులో పేరు రాయించుకునే దాకా వచ్చిందంటే, ఆ మొదటి +3 అద్దం అంత పెద్ద కష్టమేం కాదనిపిస్తుంది ఎవరికైనా.

ఇవాళ ప్లస్ ఉండి ఆలోచిస్తున్నవాళ్ళ విషయానికొస్తే, చిన్న వయసులో ప్లస్ పూర్తిగా బయటపడదు, లోపలి లెన్స్ కష్టపడి దాన్ని దాచేస్తుంది. చుక్కలు వేసి ఆ లెన్స్‌ని నిద్రపుచ్చి చూస్తే కంప్యూటర్ టెస్టులో +2 అన్న మనిషికి +4 ఉన్నట్టు తేలుతుంది. ఈ చుక్కల టెస్ట్ చెయ్యకుండా పైకి కనిపించిన +2 దిద్దేస్తే ఐదారేళ్ళకి దాగి ఉన్నది బయటికొస్తుంది, పేషెంట్ ఆపరేషన్ ఫెయిల్ అనుకుంటాడు, మళ్ళీ లేజర్ కావాలంటాడు. నలభై అయిదు దాటినవాళ్ళకైతే కార్నియాని ముట్టుకోకుండా లోపలి లెన్సే మార్చెయ్యడం ఒక దారి, శుక్లాల ఆపరేషన్‌లాంటిదే, దానితో భవిష్యత్తులో శుక్లాలు కూడా రావు, పొట్టి కన్నులో గది ఇరుకు కూడా తగ్గుతుంది. కుర్రవాళ్ళకి ఆ మాట చెప్పరు, దగ్గర చూపు పోతుంది కాబట్టి. లోపల అదనంగా పెట్టే లెన్స్ మైనస్ వాళ్ళకి బాగా పనికొస్తుంది గానీ ప్లస్ కళ్ళలో దానికి చోటే ఉండదు చాలాసార్లు.

ఎప్పుడో ప్లస్ ఆపరేషన్ చేయించుకుని ఇప్పుడు శుక్లాలతో వెళ్ళేవాళ్ళు మాత్రం ఆ సంగతి నోరు తెరిచి చెప్పాలి, ముప్ఫై ఏళ్ళ కిందటిది కదా అని ఊరుకుంటే కుదరదు. ఏ పవర్ లెన్స్ పెట్టాలో లెక్కకట్టే మామూలు ఫార్ములాలు కార్నియా ముట్టుకోలేదు అనుకుని చేస్తాయి. మైనస్ లాసిక్ అయినవాళ్ళకి ఆ ఫార్ములా వాడితే ఆపరేషన్ తర్వాత ప్లస్ మిగులుతుంది, ప్లస్ లాసిక్ అయినవాళ్ళకి మైనస్ మిగులుతుంది, రేడియల్ కోతలవాళ్ళకి మళ్ళీ ప్లస్సే. దానికి వేరే ఫార్ములాలు ఉన్నాయి, వాటిలో కొన్నింటికి ఆపరేషన్ ముందు కార్నియా వంపు ఎంత, అప్పటి పవర్ ఎంత, ఎంత దిద్దారు అన్న నంబర్లు కావాలి. ఆ పాత ఫైలు దొరికితే డాక్టర్‌కి ఇవ్వాలి, కనీసం పాత కళ్ళజోడు చీటీ ఉన్నా దాంట్లో సగం సమాచారం ఉంటుంది. లోతు కోత వాళ్ళకి, షడ్భుజి కోత వాళ్ళకి ఏ ఫార్ములా కూడా నమ్మకంగా పనిచెయ్యదు, అక్కడ సర్జన్ రెండు మూడు పద్ధతులతో లెక్కవేసి, దూరం దగ్గరా రెండూ చూపించే మల్టీఫోకల్ లెన్స్ జోలికి పోకుండా మామూలు సింగిల్ పవర్ లెన్స్ పెట్టి, తర్వాత పైన గట్టి కాంటాక్ట్ లెన్స్ వాడాల్సి రావొచ్చు అని పేషెంట్‌కి ముందే చెప్పి మొదలుపెడతాడు.